దొంగ గింజ

పుణె
3 ఆగస్టు 2025

ప్రియమైన బాపుకు,

పోయిన ఆదివారం ఫోన్లో పావుగంట అరిచాను. నువ్వు ప్రతిదానికీ "మంచిది బిడ్డా" అన్నావు. జలుబు చేసిందన్నా మంచిదే, హాస్టల్లో నీళ్ళు రావట్లేదన్నా మంచిదే. పక్క గది వినీత తలుపు తెరిచి, "మీ బాపు దేనికైనా సంతోషపడేటట్టే ఉన్నడక్కా" అని నవ్వింది. ఫ్యాక్టరీలో చక్కెర వడకట్టే మిషన్ల మోత నీ చెవులు తినేసింది. కళ్ళు మాత్రం ఇప్పుడు నువ్వు పనిచేసే గాంధీచౌక్ మిఠాయి దుకాణంలో పాకం తీగ చూసేంత గట్టిగా ఉన్నాయి కదా. అందుకే కాగితం పట్టుకున్నాను. ఇకనుంచి మనకు ఉత్తరాలే.

వినీత గురించి నీకు చెప్పలేదు. మన ఏర్గట్ల పిల్ల, పసుపు రైతు బిడ్డ. నా తర్వాత రెండేళ్ళకు ఇక్కడ పరిశోధనకు చేరింది. ఇద్దరిదీ ఒకే పని. మన పాలపుంత నడిమధ్యన నక్షత్రాలు ఎట్లా పుడుతున్నాయో చూడటం. నక్షత్రాలకు ముడిసరుకు వాయువు. నడిమధ్యన అది కుప్పలు కుప్పలుగా ఉంది. అంత సరుకుకు ఎన్ని నక్షత్రాలు పుట్టాలో, అందులో పదోవంతే పుడుతున్నాయని అందరూ అంటారు. అక్కడి వాయువు వేడిగా, సుడులు తిరుగుతూ, ఒకచోట నిలవదు. నిలిచి చల్లబడితేనే కదా ముద్దకట్టి నక్షత్రమయ్యేది.

మేం మాత్రం కంటికి ఆనని పరారుణ వెలుగులో, దుమ్ము వెనక దాక్కున్న 312 ఎర్రటి చుక్కలు పట్టుకున్నాం. అప్పుడే పుట్టిన నక్షత్రం పుట్టిన దుమ్మునే చుట్టుకొని ఉంటుంది కాబట్టి ఎర్రగా కనబడుతుంది. ఇవన్నీ పసి నక్షత్రాలైతే అందరూ అన్నది తప్పు, నడిమధ్యన కూడా పుట్టుక మామూలుగానే సాగుతోంది. ఇదీ మా వ్యాసం. జనవరిలో బెంగళూరులో నాకు ఉద్యోగం ఇంటర్వ్యూ ఉంది. వ్యాసం అచ్చయితే ఆ కొలువు నాదేనని మా సారు అంటున్నారు.

నిన్న సారు అడిగారు, నీకీ నక్షత్రాల పిచ్చి ఎక్కడ అంటిందని. 2010 జనవరి, నాకు పన్నెండేళ్ళు, మిట్టమధ్యాహ్నం మా బాపు ఫ్యాక్టరీ వర్క్‌షాపు నుంచి వెల్డింగ్ గాజు తెచ్చి సూర్యగ్రహణం చూపించాడని చెప్పాను. క్వార్టర్లన్నీ తలుపులు మూసుకుంటే బయట మనిద్దరమే. "ఇంకొంచెం సేపు బాపూ" అని నేను నీ చొక్కా వదల్లేదు. ఆ చొక్కా పాకం వాసన ఇప్పటికీ గుర్తుంది.

ఫ్యాక్టరీలో నీ పానులో చక్కెర గింజ ఎట్లా కట్టేదో ఒకసారి వివరంగా రాయి. సారుకు చెప్పాలి. అవ్వను అడిగానని చెప్పు.

నీ గారాల బిడ్డ,
జ్యోతిరాణి


నిజామాబాద్
16 ఆగస్టు 2025

ప్రియమైన బిడ్డ జ్యోతికి బాపు ఆశీస్సులు.

నీ ఉత్తరం నేను రెండుసార్లు చదివి, మీ అవ్వకు ఒకసారి చదివి వినిపించిన. ఆమె బీడీలు చుట్టుడు ఆపకుండనే విన్నది. "గంత దూరంల ఉన్నయి లెక్కవెడుతదట, ఈడ కట్టకు ఎన్ని బీడీలో లెక్కవెట్టరాకపాయె" అన్నది. కోపం కాదు, సంబరం. మీ అవ్వ సంబరం అట్లనే ఉంటది, నీకు తెలువనిదా.

పాను సంగతి అడిగినవు. పాను అంటే ఇల్లంత ఇనుప పాత్ర. లోపలి గాలిని లాగేస్తరు కాబట్టి చెరుకు పాకం తక్కువ వేడికే మరుగుతది. పాకం ఎంత ఉంటే అంత చక్కెర అయితదనుకోకు. పలచగ ఉంటే గింజ కట్టదు, వేడి మితిమీరితే కట్టిన గింజ గూడ కరుగుతది. సరిగ్గ చిక్కబడ్డప్పుడు చక్కెర పొడి విత్తనం లెక్క వేస్తం. అక్కడి నుంచి ఆ గింజలే పెరగాలె, కొత్తవి పుట్టొద్దు. అవి పెరుగుతుంటే పైనుంచి కొత్త పాకం సన్నగ వదులుతనే ఉండాలె. ఆ వాల్వు కొంతసేపు బంద్ అయితే చాలు, లోపల పాకం మరీ చిక్కబడి, ఎవ్వరు పిలువని గింజలు పిండి లెక్క పుట్టుకొస్తయి. వాటిని మేము దొంగ గింజలు అంటం. అవి వడకట్టే జాలీకి అడ్డంపడి అసలు చక్కెరను గూడ ఆగం చేస్తయి.

పైనుంచి చూస్తే ఏది అసలుదో, ఏది దొంగదో తెలువది. కడ్డీతోని కొంచెం తీసి, గాజు పలక మీద పులిమి, వెలుగుకు ఎదురుగ పట్టి చూడాలె. అందుకే అడుగుతున్న. నీ మూడు వందల పన్నెండుల దొంగ గింజలు ఎన్ని? గాజు మీద పెట్టి చూసినవా?

లింబయ్య కాక సంగతి నీకు ఎరుకే. చిన్నప్పుడు నువ్వు లెక్కలల్ల తొందరపడితే "లింబయ్య పాను చెయ్యకు" అని మీ అవ్వ అనేది. ఒక్కనాడు వాల్వు చూడక పాను మొత్తం దొంగ గింజ పట్టింది, ఆయన కొలువు పోయింది. ఇప్పుడు బోధన్ బస్టాండు కాడ చెరుకు రసం బండి పెట్టుకున్నడు. ఇంతకన్న దాని గురించి రాసుడు ఎందుకు.

ఆ గ్రహణం ముచ్చట మీ సారుకు చెప్పకపోతేనే మంచిగుండు.

మంచిగ తిను. హాస్టల్ల నీళ్ళు వస్తున్నయా?

ఇట్లు మీ బాపు,
చంద్రయ్య


పుణె
7 సెప్టెంబరు 2025

ప్రియమైన బాపుకు,

శుభవార్త. వ్యాసం అచ్చుకు ఒప్పుకున్నారు! వచ్చే నెల మొదట్లో వస్తుంది. సారు అందరికీ జిలేబీ పెట్టించారు. మీ దుకాణం జిలేబీ ముందు అది దేనికీ పనికిరాదు గానీ, రెండు ఎక్కువే తిన్నాను.

నీ దొంగ గింజల లెక్క సారుకు బాగా నచ్చింది. మా దగ్గర అవి లేవులే. బాగా మెరిసే ఇరవై చుక్కల వెలుగును విడగొట్టి చూశాం, ఇరవైకి ఇరవై పసి నక్షత్రాలే. గడువు దగ్గరపడి అంతకన్నా చూడలేకపోయాం. గ్రహణం సంగతి చెప్పొద్దన్నావు, అప్పటికే పది మందికి చెప్పాను. అంత సిగ్గెందుకు నీకు?

నీ జ్యోతి


నిజామాబాద్
15 సెప్టెంబరు 2025

బిడ్డ జ్యోతికి,

సంతోషం. మీ అవ్వ వాడకట్టంతా చక్కెర పంచింది.

ఇరవై చూసినవు. మిగిలిన రెండు వందల తొంభై రెండు ఎవరు చూస్తరు?

బాపు


పుణె
19 అక్టోబరు 2025

ప్రియమైన బాపుకు,

నీ కార్డు చూసి నీమీద కోపం వచ్చింది. రెండు ముక్కలు రాసి నా సంతోషం మీద నీళ్ళు చల్లావనిపించింది. నాలుగు రోజులు దాన్ని పుస్తకంలో పెట్టి మూసేశాను. ఐదో రోజు తీశాను.

వేరే దేశం వాళ్ళ పెద్ద టెలిస్కోపు తీసిన కొలతలు పోయిన నెలే అందరికీ ఇచ్చారు. మన చుక్కలన్నీ అందులో ఉన్నాయి. మూడు వారాలు కూర్చొని 292 చుక్కల వెలుగునూ విడగొట్టి చూశాను. ఈలోపు వ్యాసం అచ్చయిపోయింది. పసి నక్షత్రాలు ముప్పై ఎనిమిదే. మిగతా 254 ముసలివి బాపూ. నక్షత్రం చివరి రోజుల్లో ఉబ్బిపోయి తన ఒంట్లోని దుమ్మునే బయటికి ఊదుకుంటుంది. ఆ దుమ్ము చుట్టుకున్నాక పసిదానిలాగే ఎర్రగా కనబడుతుంది. పురిటిగుడ్డో పాడె మీది గుడ్డో తేల్చుకోకుండా, చుట్టిన గుడ్డను చూసి అందరికీ బారసాల చేశాం. నడిమధ్యన పుట్టుక తక్కువేనన్న పాతమాటే నిజం.

తప్పు దిద్దుతూ ఒక ప్రకటన ఇవ్వాలి. దానికి డిసెంబరు ఆఖరు వరకు గడువు ఉంది. సారు నన్ను పిలిచి, "జాబితా తయారుచేసింది వినీత కదా. జాబితాలో ఆమె పొరపాటు అని రాద్దాం. నీ ఇంటర్వ్యూకు ఇబ్బంది ఉండదు. ఆమెకు ఇంకా టైముంది, కోలుకుంటుంది" అన్నారు.

నీకు ఒక్కడికే చెబుతున్నా. వినీత తన జాబితాలో 250కి పైగా చుక్కల పక్కన "ఇంకా చూడాలి" అని గుర్తు పెట్టింది. గడువు రోజు పట్టిక కాగితంలో పట్టడం లేదని ఆ గుర్తుల వరుస మొత్తం నేనే తీసేశాను. మళ్ళీ పెట్టాలనుకొని మరిచిపోయాను. వినీతకు ఇది తెలియదు, గుర్తులున్న పాత జాబితా నా దగ్గరే ఉంది. అచ్చయిన పట్టిక చూసి, గుర్తులు పెట్టడం తానే మరిచానని నమ్మేసింది. రెండు రోజుల నుంచి మెస్సుకు రాలేదు. నిన్న నా గదికి వచ్చి, "అక్కా, నీ కొలువు నేనే పోగొట్టిన" అని ఏడ్చింది. నేను తల నిమిరాను బాపూ. తల నిమిరాను గానీ చెప్పలేదు.

ఒక్కటి అడుగుతాను. కొలువు పోయినా లింబయ్య కాక మంచిగానే బతుకుతున్నాడు కదా? ఎవరి తప్పో కొన్నాళ్ళకు అందరూ మరిచిపోతారు కదా? నువ్వు ఊఁ అంటే సారు చెప్పినట్టే సంతకం పెడతాను.

నీ జ్యోతి


పుణె
24 నవంబరు 2025

ప్రియమైన బాపుకు,

నెల దాటింది, నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. నిన్న ఆదివారం అవ్వకు ఫోన్ చేస్తే, "ఐతారమైతే సాలు, మీ బాపు బోధన్ బస్సెక్కుతున్నడు. ఎందుకే అంటే రసం తాగొస్త అంటడు. గింత సలిల రసమేందో నాకైతే సమజ్ అయితలేదు" అంది.

ఒంట్లో బాగుందా? నామీద కోపమా? తిట్టయినా సరే, రాయి. గడువు దగ్గరపడుతోంది. వినీత ఊరికి పోతానంటోంది.

జ్యోతి


నిజామాబాద్
9 డిసెంబరు 2025

ప్రియమైన బిడ్డ జ్యోతికి,

నీమీద నాకు కోపం లేదు. లింబయ్య మంచిగ బతుకుతున్నడా అని అడిగినవు. ఆ మాట పదిహేనేండ్ల సంది నేను గూడ ఆయనను అడగలేదు. అడుగుదామని పోయిన. అందుకే ఆలస్యమైంది.

ముందుగాల నీకు ఒకటి చెప్పాలె. గ్రహణం నాడు నాకు డ్యూటీ ఉండె.

నా పాను, లింబన్న పాను పక్కపక్కనే. వయసుల పెద్దోడు, నాకు పని నేర్పినోడు, అందుకే అన్న అంటుండె. ఆ పొద్దు పాకం చూసేతందుకు నేను వాల్వు బంద్ చేసిన. మళ్ళ తెరువలేదు. నా మనసంత వెల్డింగ్ గాజు మీదనే ఉండె. "వాల్వు తెరిసే ఉన్నది లింబన్నా, పది నిమిషాలల్ల వస్త, జర నా పాను గూడ సూడు" అని ఉరికొచ్చిన. పది నిమిషాలు కాదు, నలభై నిమిషాలు నీతోని నిలబడ్డ. నువ్వు చొక్కా వదలలేదని రాసినవు. వదలబుద్ధి కాలేదు నాకు గూడ.

తిరిగిపోయేవరకు నా పాను నిండ దొంగ గింజ. డ్యూటీల బయటికి పోయిన అంటే కొలువు పోతది, క్వార్టర్ పోతది. "లింబయ్యకు మంచిగ అప్పజెప్పి క్యాంటీన్ పోయిన" అని మేనేజర్‌కు చెప్పిన. లింబన్న నా దిక్కు చూసిండు. చూసి, "అవు సారూ, తెరిసే ఉండె అన్నడు. నేనే బంద్ జేసి మరిసిపోయిన కావచ్చు" అన్నడు. నా మాట మీద అంత నమ్మకం ఆయనకు. మీ అవ్వకు గూడ నేను నిజం చెప్పలేదు. "లింబయ్య పాను చెయ్యకు" అని ఆమె నిన్ను అన్నప్పుడల్ల నేను బయటికి పోయేటోన్ని.

మూడు ఐతారాలు పోయి, రసం తాగి, నోరు విప్పక తిరిగొచ్చిన. నాలుగో ఐతారం బండి కాడ ఆయన భార్య లింగవ్వ గూడ ఉండె. ముచ్చట్ల ముచ్చట, "రసం పిండుడు వరకే అన్నా. పొయ్యి కాడికి రాడు. బిడ్డ పెండ్లికి లడ్డుల పాకం వట్టరాదె అంటే, నా సెయ్యి మంచిది గాదు అన్నడు. సాయల సక్కెర గూడ నేనే ఎయ్యాలె" అన్నది. ఈ జిల్లాల ఆయన అసువంటి చెయ్యి ఇంకొకటి లేకుండె బిడ్డా. ఆయన పాను గింజ చూసేతందుకు పక్క ఫ్యాక్టరీలోళ్ళు వచ్చేది.

అప్పుడు లింబన్నకు చెప్పిన. ఆయన చెవులు గూడ నా చెవులే, అవే మిషన్లు తిన్నయి. మెల్లగ చెప్తే వినొస్తలేదు. "ఏందీ?" అన్నడు. మళ్ళ చెప్పిన. "ఎవల వాల్వూ?" అన్నడు. ఇగ బస్టాండంత వినేటట్టు అరిచిన, "వాల్వు బంద్ జేసింది నేను లింబన్నా! నువ్వు గాదు! అబద్ధం జెప్పింది నేను!" అని. బస్సుల ఉన్నోళ్ళు కిటికీలల్ల నుంచి తలకాయలు పెట్టి చూసిండ్రు. పదిహేనేండ్లు దాచిన మాట నిజామాబాద్ బస్సుకు, బాన్సువాడ బస్సుకు ఒక్కసారే ఎరుకైంది.

లింబన్న మిషన్ ఆపిండు. తిట్టలేదు, కొట్టలేదు. రెండు చేతులు ముందుకు పెట్టుకొని తిప్పి తిప్పి చూసుకున్నడు. "అయితే నా సెయ్యిల తప్పు లేకుండెనా చంద్రయ్యా?" అన్నడు. లేకుండె అన్న. ఇంకోసారి అడిగిండు. ఇంకోసారి చెప్పిన. తర్వాత బండి మీద గుడ్డ కప్పి ఇంటికి పోయిండు. నన్ను క్షమించిండో లేదో తెలువది. అడిగే ముఖం నాకు లేదు.

ఇంటికొచ్చి మీ అవ్వకు గూడ చెప్పిన. ఆమె ఆ పొద్దు నాకు అన్నం పెట్టింది గాని పక్కన కూర్చోలేదు.

నిన్న బోధన్ బస్సు కండక్టర్ వేణు మా దుకాణానికి వచ్చి ఒక పొట్లం ఇచ్చిండు. చీటీ లేదు. లోపల దారానికి పేరుకున్న కలకండ. ఇంట్ల పాకం పట్టి, వారం రోజులు కదపకుండ పెడితేనే అట్ల వస్తది. గాజు పలక మీద పెట్టి కిటికీ వెలుగుకు పట్టి చూసిన. ఒక్క దొంగ గింజ లేదు జ్యోతీ. దుకాణంల అందరి ముందట ఏడ్చిన. ఒక ముక్క నీకు ఈ కవర్ల పెట్టిన.

నీకు గ్రహణం చూపెట్టినందుకు నాకు ఇయ్యాల్టికి బాధ లేదు. అబద్ధం చెప్పినందుకు ఉన్నది. రెండిటిని కలిపి చూడకు, నీ చదువు మీద నా తప్పు నీడ పడనియ్యకు.

ఊఁ అనమన్నవు. ఆనాడు నాకు నేనే ఊఁ అనుకున్న. నిజం చెప్తే నీ కొలువు పోదు అని నేను అనను, పోవచ్చు. అది నువ్వు మోయవలసిందే. కాని ఆ ఏర్గట్ల పిల్ల నా చెయ్యి మంచిది కాదు అనుకొని ఇంటికి పోతే, మళ్ళ ఏ పని ముట్టదు. మరిచిపోతరా అని అడిగినవు. ఊరు మరిచిపోయింది. లింబన్న మరువలేదు.

ఇట్లు మీ బాపు,
చంద్రయ్య


పుణె
24 డిసెంబరు 2025

ప్రియమైన బాపుకు,

నీ ఉత్తరం మెట్ల మీద కూర్చొని చదివాను. నీమీద కోపమొచ్చింది, జాలేసింది, మళ్ళీ కోపమొచ్చింది. ఆ చొక్కా పట్టుకున్న పిల్లను నేనే కదా అనిపించి ఏడ్చాను. తర్వాత లేచి వినీత గదికి పోయాను. పెట్టె సర్దుకుంటోంది. దాని పాత జాబితా, అది పెట్టిన గుర్తులతో సహా, ముందు పెట్టి, ఈ వరుస తీసేసింది నేనేనని చెప్పాను. నేను నీలాగా అరవాల్సిన అవసరం పడలేదు, దానికి చెవులు బాగానే ఉన్నాయి. అది గుర్తులన్నీ ఒక్కొక్కటీ వేలు పెట్టి చూసుకుంది. "రెండు నెలలు నన్ను ఏడ్వనిచ్చినవక్కా" అంది. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అది న్యాయమే.

ప్రకటన నా పేరు మీదే పంపాను. పరీక్షించాల్సిన గుర్తులు తీసేసింది జ్యోతిరాణి అని ఉంది అందులో. బెంగళూరు వాళ్ళు ఇంటర్వ్యూ రద్దు చేశారు. సారు ముభావంగా ఉన్నారు. రాత్రి నిద్ర మాత్రం పట్టింది. వినీత పెట్టె విప్పింది. నడిమధ్యన పసి నక్షత్రాన్నీ ముసలి నక్షత్రాన్నీ ఎట్లా వేరుచేయాలో ఇప్పుడు ఆ 254 పెట్టుకొని కొత్త వ్యాసం రాస్తోంది. ముందు పేరు దానిది, వెనక పేరు నాది. నిన్న టీ తెచ్చి నా బల్ల మీద పెట్టిపోయింది. ఇంకా నవ్వడం లేదు. కలకండలో సగం దానికిచ్చాను, ఎవరు చేశారో కూడా చెప్పాను. తినకుండా కాగితంలో చుట్టి దాచుకుంది.

అవ్వ నీ పక్కన కూర్చుంటోందా? ఫోన్లో అడిగితే "బీడీలు సుట్టేటప్పుడు జాగ జాలక కూసుంటున్న" అంది. అంటే కూర్చుంటోందన్నమాట.

ఇంకొక్కటి. 2027 ఆగస్టు రెండున, సాయంత్రం పూట మళ్ళీ సూర్యగ్రహణం ఉంది. మన వైపు కొంచెమే కనబడుతుంది, అదీ మబ్బు లేకుంటేనే. ఆ వెల్డింగ్ గాజు ఇంట్లోనే ఎక్కడో ఉండాలి, వెతికి పెట్టు. నేను వస్తాను. అవ్వతో కలిసి మనం ముగ్గురం బోధన్ పోదాం. ఆనాడు మనిద్దరం సూర్యుణ్ణి చూస్తుంటే లింబయ్య కాక రెండు పాన్ల మధ్య నిలబడి ఉన్నాడు. ఆయన ఆ గ్రహణం చూడనేలేదు బాపూ.

ఈసారి గాజు ముందు ఆయన చేతికిద్దాం. ఆయనకు చాలనిపించేదాకా చూడనీ. అంతసేపూ రసం బండి దగ్గర నువ్వూ నేనూ నిలబడదాం.

నీ బిడ్డ,
జ్యోతి